నాలుగు లాకులు, రెండు బ్యాచ్‌లు

2000 డిసెంబరు 10, ఆదివారం. ఉదయం 8 గంటల 5 నిమిషాలకు మొదటి పడవ గోదావరి రేవు వదిలింది. రెండవ పడవ 8.35కి వదిలింది. మధ్యలో ఉన్న ముప్పై నిమిషాలూ రెండవ పడవ రేవులోనే కట్టి ఉంది. ఇంజను బాగుంది. నడిపే మనిషి చుట్ట కాల్చుకుంటూ సిద్ధంగా ఉన్నాడు. ఎక్కవలసిన ముప్పై ఒక్క మందీ ఎక్కి కూర్చున్నారు. అది కదలకపోవడానికి కారణం ఒక్కటే. చార్టులో 8.35 అని రాసి ఉంది.

ఈ ఒక్క రోజు గురించి రాస్తే నా ఉద్యోగం మొత్తం రాసినట్టే. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు చదవండి. ఎవరిని చూసి నవ్వాలో నేను చెబుతాను. చివరికొచ్చేసరికి నన్ను చూసి కూడా నవ్వవలసి వస్తుంది, అది మీ హక్కు.

నేను చేసిన పని

పంజాగుట్టలో ఒక ట్రావెల్ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళు టూర్ మేనేజరుగా ఉన్నాను. పేరు పెద్దది. పని మాత్రం మనుషులను లెక్కపెట్టి ఎక్కించడం, లెక్కపెట్టి దించడం. వాళ్ళు గుడి చూశారో, గుహ చూశారో, జలపాతం చూశారో నాకు తెలియదు. వాళ్ళు వాటిని చూస్తుంటే నేను వాళ్ళ తలలు చూసేదాన్ని. నా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయన మగ్గం ముందు కూర్చుని పోగులు లెక్కపెట్టేవాడు. ఒక పోగు తప్పిందని నేసిన జానెడు బట్ట విప్పిన రోజులున్నాయి. నా జబ్బు అక్కడిదే.

ఈ పనిలో నాకు మూడే నియమాలుండేవి. మేనేజరు ఎప్పుడూ చివరి బండిలో ఎక్కాలి. ప్రతి గంటా నోటుపుస్తకంలో రాయాలి. గుంపులోంచి ఏ ఒక్క మనిషినీ విడిగా పంపకూడదు. మూడూ మంచి నియమాలే. మూడూ ఆ రోజు తు.చ. తప్పకుండా పాటించాను.

చార్టు

ఆ సంవత్సరం అమీర్‌పేటలో గోడ కనిపించేది కాదు. గోడ ఉన్న చోటల్లా ఏదో ఒక కోర్సు కాగితం అంటించి ఉండేది. మూడంతస్తుల ఇంట్లో ఏడు ఇన్‌స్టిట్యూట్లు, మెట్ల కింద ఎనిమిదవది. అలాంటి ఒకదానికి డైరెక్టరు చక్రపాణి. అందరూ చక్రపాణి సర్ అనేవారు. ఫోనెత్తితే ఆయన కూడా "చక్రపాణి సర్ మాట్లాడుతున్నానండీ" అనేవాడు. జావా చెప్పేవాడు, దానితో పాటు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కూడా చెప్పేవాడు. ఈ రెండవది గుర్తుంచుకోండి.

ఆయనకున్న క్లాసు గది ఒకటి, అందులో బ్యాచ్‌లు పదకొండు. ఏడు నుంచి ఎనిమిది ఒక బ్యాచ్, ఎనిమిది నుంచి తొమ్మిది ఇంకొకటి. లోపలి వాళ్ళు బయటికి వస్తుంటే బయటి వాళ్ళు లోపలికి తోసుకుంటూ పోయేవారు. ఒక బ్యాచ్ పిల్లవాడు ఇంకో బ్యాచ్‌లో కూర్చుంటే ఆయనకు అంతకంటే పెద్ద నేరం లేదు.

నవంబరులో మా ఆఫీసుకొచ్చి, పిల్లలను గోదావరి మీద నుంచి కాలువలోకి, నాలుగు లాకులు దాటిస్తూ పడవలో తీసుకెళ్ళాలన్నాడు. "టీమ్ స్పిరిట్ కోసమండీ," అన్నాడు. బల్ల మీద ఒక చార్టు పరిచాడు. పసుపు గడులు బ్యాచ్ వన్, నీలం గడులు బ్యాచ్ టూ. ఒక్కో బ్యాచ్‌కి ఒక పడవ, రెండింటికీ మధ్య అరగంట ఎడం. నాలుగో లాకు దాటగానే రేవులో భోజనం, సర్టిఫికెట్ల పంపిణీ, ఫొటోలు. అక్కడి నుంచి బస్సులో గంటన్నర, రాజమండ్రిలో సాయంత్రం 6.40 బండి, తెల్లారేసరికి సికింద్రాబాదు.

నవంబరు 18న నేను వెళ్ళి చూసుకొచ్చాను. మొదటి లాకు దగ్గర నిలబడి ఒక పడవ దిగడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టుకుని చూశాను. 22 నిమిషాలు. నాలుగు లాకులకు 88. పడవ నడక 207 నిమిషాలు. మొత్తం 295. రెండవ పడవ కూడా మధ్యాహ్నం ఒకటిన్నరకు చేరుతుంది. 4.45కి బస్సెక్కితే చాలు. చేతిలో 195 నిమిషాలు మిగులు. నా లెక్క చూసి నాకే ముచ్చటేసింది.

ఆ రోజే లాకు దగ్గర సూరన్న అనే లస్కరు ఒక మాటన్నాడు. లస్కర్లంటే లాకు తలుపులు తిప్పే మనుషులు. "రెండు పడవలూ జంటగా రండమ్మగారూ. ఎడమెడంగా వత్తే మాకూ కట్టం, మీకూ కట్టం. ఆయ్." ఆ మాట నా పుస్తకంలో ఉంది, 23వ పేజీ, కింద గీత కూడా గీశాను. ఆఫీసుకొచ్చి మా యజమాని నర్సింగరావుకు చెప్పాను.

"భారతమ్మా, క్లయింటు చెప్పిందే చార్టు. నువ్వు జర గమ్మునుండు. 195 నిమిషాలు మిగులుతున్నయంటివి గద?"

మిగులుతున్నాయి. గమ్మునున్నాను. రాసుకున్న మాట చేసిన పనితో సమానమని ఇరవై తొమ్మిదేళ్ళలో చాలాసార్లు అనుకున్నాను. అది నా వృత్తిలో అందరికీ వచ్చే జబ్బు, మీకూ వస్తుంది.

ఖాజా భాయ్‌కి ఇచ్చిన మాట

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ వెనక సందులో ఖాజా భాయ్ టైలర్ షాపు. పద్నాలుగేళ్ళుగా నా జాకెట్లు ఆయనే కుట్టేవాడు. ఆయన కూతురు సల్మా పొద్దున చక్రపాణి ఇన్‌స్టిట్యూట్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునేది, సాయంత్రం అక్కడే చదువుకునేది. ఆ పిల్లకు పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కాగితంలో రెండు షరతులు: డిసెంబరు 11, సోమవారం, ఉదయం 9 గంటలకల్లా హాజరు కావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తేవాలి. లేకపోతే ఉద్యోగం రద్దు.

మరి పడవ ఎందుకెక్కింది? సర్టిఫికెట్ చక్రపాణి దగ్గర ఉంది కనుక. "పడవ ట్రిప్‌లో ఇస్తానమ్మా, ఫొటో తీయించి. నువ్వే మన ఫస్ట్ ప్లేస్‌మెంట్ కదా, బ్యానర్ మీద వేద్దాం," అన్నాడట. చేతిలో పెడితే అయిపోయే కాగితం, నాలుగు లాకులు దాటితే గానీ ఇవ్వడు.

శనివారం నేను నాలుగు జాకెట్ల బట్ట ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఖాజా భాయ్ నెమలికంఠం రంగు కొత్త సల్వార్ సూట్‌కి గుండీలు కుడుతున్నాడు.

"జాయినింగ్ డ్రెస్ మేడమ్. సోమారం పొద్దుగాల తొమ్మిదింటికి పిల్ల ఆఫీసుల ఉండాలె. నాకు జర ఫికర్ అయితుంది. పడవంటున్నరు, లాకులంటున్నరు."

"ఫికర్ చెయ్యకు భాయ్. నేను తీసుకపోతున్న, నేను తీసుకొస్త. సోమారం ఆరింటికి నీ దర్వాజ ముందట దింపుత."

"మీ మాట మీద తోలుతున్న మేడమ్."

"నా జాకెట్లు ఎప్పుడిస్తవు?"

"వచ్చే సోమారం కాదు, ఆ పై సోమారం. తొమ్మిదింటికి."

ఇద్దరం మాటలిచ్చి పుచ్చుకున్నాం.

మొదటి లాకు

లాకు చూడని వాళ్ళకోసం చెబుతాను. నది ఎత్తున ఉంటుంది, కాలువ పల్లంలో ఉంటుంది. మధ్యలో రాతి తొట్టి, దానికి ఆ చివర తలుపులు, ఈ చివర తలుపులు. నిండిన తొట్టిలోకి పడవ వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు వదులుతారు, పడవ మెల్లగా దిగుతుంది, ముందు తలుపులు తీస్తారు. పైకి వచ్చే పడవకు ఇదే తిరగేసి చేస్తారు. ఒక పడవను దింపాక తొట్టి ఖాళీ. పైన ఇంకో పడవ దిగాలంటే తొట్టిని మళ్ళీ నింపాలి.

పసుపు గడుల పడవ 8.20కి వచ్చింది. తొట్టి నిండుగా ఉంది. దిగిపోయింది. చక్రపాణి పడవ ముందు భాగంలో నిలబడి మెడలో విజిల్, చేతిలో చార్టు పట్టుకుని ఫొటో తీయించుకోవడం సూరన్న చూశాడు. మేము 8.50కి వచ్చేసరికి తలుపులు మూసి ఉన్నాయి, తొట్టి ఖాళీ.

సూరన్న గట్టు మీద నిలబడి నన్ను గుర్తుపట్టాడు. "చెప్పేనా అమ్మగారూ? జంటగా రమ్మని?"

"చెప్పినవ్ సూరన్నా. ఇప్పుడు నింపు."

"ఖాళీ తొట్టి ఊరికే నింపవండి మేవు. నాలుగు పడవలు పట్టే తొట్టండిది, ఒక్క దాని కోసం నింపితే ఎలాగండి? ఇద్దరవే ఉన్నావండి చెయ్యి తిప్పడానికి. కిందనించి ఎండుగడ్డి పడవొకటి పైకొత్తంది. అది రాగానే దానితో నింపేత్తాం, అది పైకొచ్చేత్తది, మీరు దిగిపోతారు. ఒక నింపుడికి ఒకళ్ళు ఎక్కాల, ఒకళ్ళు దిగాల. మా తాత నాటినించీ అదే పద్ధతండి."

"గా గడ్డి పడవ ఎప్పుడొస్తది?"

"వచ్చినప్పుడొత్తదండి. ఆయ్."

పడవలోని పిల్లలకు మొదటి పావుగంట సరదాగా ఉంది. రెండవ పావుగంటలో అంత్యాక్షరి మొదలైంది. మూడవ పావుగంటలో అది ఆగింది. సల్మా మాత్రం గట్టెక్కి సూరన్న వెంట తలుపు నుంచి తలుపుకు నడుస్తూ ఏవేవో అడుగుతోంది. పది నిమిషాల్లో తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడమ్, గిది మస్తు సింపులుంది. రెండు పడవలు ఒక్కసారే తొట్టిల పడితే ఒక్క దింపుడుకు అయిపోతుండె. మా సర్ మనల్ని బ్యాచ్‌లు చేసిండు గద, గందుకే ముందటి పడవ ప్రతి లాకుల నిండిన తొట్టి వాడుకుంటది, మనకు ఖాళీ తొట్టి మిగులుస్తది. నాలుగు లాకులల్ల గిట్లనే అయితది."

"నాలుగింటిలో కూడనా?"

"అవ్ మేడమ్. లూపుల పడ్డం."

ఆ పిల్ల పది నిమిషాల్లో పట్టుకున్నది నేను మూడు వారాల కిందట గీత గీసి వదిలేశాను. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెప్పే మనిషికి చార్టు వేసేటప్పుడు తోచలేదు. రేవులో 8.05కే రెండు పడవలూ కలిసి కదిలి ఉంటే మేము కోల్పోయేది సున్నా. అరగంట కూడా కాదు, సున్నా.

టెలిఫోను

సూరన్న గదిలో లాకు నుంచి లాకుకు మాట్లాడే, చేత్తో తిప్పే టెలిఫోను ఉంది. 9.42కి పసుపు పడవ రెండవ లాకు చేరగానే అక్కడి మనిషి చేత చక్రపాణిని పిలిపించాను.

"చెప్పండి మేడమ్ గారూ! మేం షెడ్యూల్ ప్రకారం కరెక్ట్‌గా ఉన్నామండీ."

"సర్, మీరు అక్కడే ఆగాలి. మేం వచ్చి కలిసేదాకా. గడ్డి పడవ వస్తోందట, మేం 11.20కి అక్కడుంటాం. ఆ తర్వాత మూడు లాకులూ కలిసి దిగుదాం. రెండున్నర దాటేసరికి అందరం రేవులో ఉంటాం."

"ఆగడమేంటండీ? బ్యాచ్ వన్ ఆగితే బ్యాచ్ టూ వచ్చి కలిసిపోద్ది. బ్యాచ్‌లు కలిస్తే డిసిప్లిన్ ఉండదు. పదకొండేళ్ళుగా చూస్తున్నానండీ."

"ఇది అమీర్‌పేట కాదు సర్. ఇక్కడ తొట్టి ఒకటే."

"అమీర్‌పేటలోనూ క్లాస్‌రూమ్ ఒకటేనండీ! అందుకేగా బ్యాచ్‌లు పెట్టింది!"

  సల్మా నా చేతిలోంచి టెలిఫోను తీసుకుంది.

"సర్, సల్మాను. రేపు తొమ్మిదింటికి నా జాయినింగ్ ఉంది సర్. మీరు ఆగకుంటె ఆగకున్రి. నా సర్టిఫికెట్ గా లాకు అన్న చేతికిచ్చి పోన్రి. నేనొచ్చి తీసుకుంట."

"సర్టిఫికెట్ సేఫ్‌గా ఉందమ్మా, ఫైల్లో ఉంది. టెన్షన్ పడకు. ఫోర్త్ లాక్ దగ్గర నీకే ఫస్ట్ ఇస్తాను."

"ఇప్పుడే ఇయ్యున్రి సర్."

"మరి ఫొటో ఎలాగమ్మా?"

సూరన్న టెలిఫోను అందుకుని, "అయ్యగారూ, పెద్దోణ్ణి చెబుతున్నాను, ఆ పాపాయి కోసవైనా..." అనేలోపు లైను పోయింది. లైను పోలేదని, అవతలి మనిషి పెట్టేశాడని సూరన్న చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఆ టెలిఫోను వింటున్నవాడు, ఆ రెండు చప్పుళ్ళకు తేడా అతనికి తెలుసు.

"ఆయన ఏం చెబుతారమ్మా మీకు, ఆ బడిలో?" అని సల్మాను అడిగాడు.

"ప్లానింగ్," అంది సల్మా.

సూరన్న నవ్వలేదు. గోదావరి వైపు తిరిగి ఉమ్మేసి, గడ్డి పడవ వస్తోందేమో చూడడానికి కింది తలుపుల దగ్గరకు వెళ్ళాడు.

9.58కి గడ్డి పడవ పైకొచ్చింది, మాకు పై తలుపులు తెరుచుకున్నాయి. 10.20కి మేము కాలువలో పడ్డాం. మొదటి లాకు దగ్గర పోయినవి 68 నిమిషాలు.

మూడవ లాకు దగ్గర నా తెలివి

రెండవ లాకు దగ్గర 55 నిమిషాలు నిలబడ్డాం. సల్మా చెప్పినట్టే. నిండిన తొట్టిలో పసుపు పడవ దిగిపోయింది, ఖాళీ తొట్టి ముందు మేము.

మూడవ లాకుకు 1.37కి చేరాం. లస్కర్లు భోజనానికి ఇళ్ళకు పోయారు. భోజనమన్న మాట వినగానే మా పడవలో ముప్పై ఒక్క కడుపులు ఒకేసారి మేలుకున్నాయి. మా పొట్లాలు రేవులో ఉన్నాయి, చార్టులో నీలం గడిలో, 1.30 దగ్గర. ఒక పిల్లవాడు అరటిపళ్ళు బేరమాడి తెచ్చాడు. మనిషికొకటి.

అప్పుడు సల్మా గట్టు మీద టీ కొట్టు దగ్గర కనుక్కుని వచ్చింది.

"మేడమ్, గట్టు రోడ్డు మీద రెండుంబావుకు బస్సుందంట. మూడింటికల్లా రేవుల దింపుతదంట. సర్ వాళ్ళు నాలుగున్నర దాటినంక గద బయల్దేరేది? నేను పోయి సర్టిఫికెట్ తీసుకొని వాళ్ళ బస్సులనే ఎక్కుత. వాళ్ళ రైలే ఎక్కుత."

నేను గడియారం చూశాను. 1.52.

ఇక్కడ ఆగి చదవండి. ఆ పిల్ల లెక్క నా లెక్క కంటే నయంగా ఉంది. పగటి పూట, జనం తిరిగే గట్టు, బస్సు దిగేచోట మా మనుషులే ముప్పై మంది. ఎవరినైనా తోడు కూడా పంపవచ్చు. కానీ నా మూడవ నియమం ఉంది. గుంపులోంచి ఎవరినీ విడిగా పంపకూడదు.

"వద్దు," అన్నాను. "మీ నాయనకు మాటిచ్చిన. నిన్ను నా వెంట తీసుకొచ్చిన, నా వెంటనే తీసుకపోత."

"నాయనకు మీరిచ్చిన మాట తొమ్మిదింటిది మేడమ్. వెంట తీసుకపోవుడుది కాదు."

"ముప్పై ఒక్క మందిని ఎక్కించిన. ముప్పై ఒక్క మందినే దింపుత. ఒక తల తగ్గితే రేపు ఎవరికి జవాబు చెప్పాలె?"

 "మీరు సుత సర్ లెక్కనే ఉన్నరు మేడమ్," అంది సల్మా. కోపంగా అనలేదు. రెండు పడవలకూ ఒకే రంగు వేసి ఉందని చెప్పినట్టు అంది.

2.15కి బస్సు హారన్ కొట్టి పోయింది. నేను ఆ సమయం కూడా రాసుకున్నాను. కిందినుంచి వచ్చే పడవ 3.10కి పైకి చేరింది. 93 నిమిషాలు.

చక్రపాణి తన చార్టును నమ్మాడు, నేను నా నియమాన్ని నమ్మాను. ఇద్దరం ఎదురుగా ఉన్న మనిషి మాట వినలేదు. ఆయన బుద్ధిలేనివాడని అప్పటికే నిర్ణయించేశాను కాబట్టి నాకు బుద్ధి ఉందనుకున్నాను. ఎదుటివాడు మూర్ఖుడైతే మనం తెలివైనవాళ్ళమైపోము. ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఇదొక్కటే ఉపయోగపడేది. యాభై మూడేళ్ళ వయసులో, మూడవ లాకు దగ్గర నేర్చుకున్నాను.

రేవు

నాలుగవ లాకు దగ్గర 40 నిమిషాలు ఆగి, 5.46కి రేవు చేరాం. చక్రపాణి బ్యాచ్ 4.45కి, గడి దాటకుండా, బస్సెక్కి పోయింది. రేవు కాపలా మనిషి నాకు ఒక కవరిచ్చాడు. సర్టిఫికెట్ కాబోలని సల్మా చించినంత పని చేసింది. లోపల చీటీ: "బ్యాచ్ టూ ఎక్స్‌పెక్టెడ్ టైమ్‌కి రాలేదు. భోజనాలు వేస్ట్ కాకూడదని పంచేశాం. సల్మా సర్టిఫికెట్ సేఫ్టీ కోసం నాతో తీసుకెళ్తున్నాను."

"ఫొటో తీశారండి," అన్నాడు కాపలా మనిషి. "ఆ సల్మా గారు రాలేదని ఇంకో అమ్మాయి చేతికి ఆ కాగితవిచ్చి తీశారు. అందరూ చప్పట్లు కొట్టారండి."

మా బ్యాచ్ బస్సులో రాజమండ్రి స్టేషనుకు 7.20కి చేరాం. బండి పోయి నలభై నిమిషాలైంది. తర్వాతి బండిలో సీట్లు లేకుండా మూడు బోగీల్లో సర్దుకున్నాం. ప్రతి స్టేషనులో మూడు బోగీలూ తిరిగి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ప్రతిసారీ ముప్పై ఒకటి.

సోమవారం

బండి సికింద్రాబాదు చేరేసరికి 9.20. ఆ బండి వేళకు వచ్చి ఉన్నా 8.35 అయ్యేది. సర్టిఫికెట్ లేకుండా పోయి ఏం లాభమని ముందు అమీర్‌పేటకు ఆటో కట్టించుకున్నాం. 10.08కి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాం. ముందు బల్ల ఖాళీగా ఉంది. ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి నా పక్కన నిలబడి ఉంది మరి.

లోపల ఊడుస్తున్న అటెండరు యాదగిరి తల బయటపెట్టాడు. "సర్ రెస్టుల ఉన్నడు సల్మా. నిన్న మస్తు అలిసిపోయిండంట. పదకొండుకొస్తడు."

"సర్ క్యాబిన్ తియ్యి యాదగిరన్నా. ఫైలు ఆడనే ఉంటది."

"తాళంచెవి సర్ కాడ ఉంది."

చక్రపాణి 11.05కి వచ్చాడు. తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని. "అరె సల్మా! నిన్న ఫొటోలో నువ్వు మిస్సయ్యావమ్మా!"

సల్మా చెయ్యి చాచింది, అంతే.  సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి 11.12. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు ఆటోలో 26 నిమిషాలు పట్టింది. దారి రెండు కిలోమీటర్లకు మించదు. గోదావరి కాలువలో పడవ అంతకు రెట్టింపు వేగంతో నడిచింది.

కంపెనీలో ఒక అమ్మాయి కాగితం చూసి, గడియారం చూసి, మర్యాదగానే చెప్పింది. "రిపోర్టింగ్ నైన్ వరకే అండీ. వెయిటింగ్ లిస్ట్‌లో వాళ్ళని తీసేసుకున్నాం."

"ఎన్నింటికి తీసుకున్నరమ్మా?" అని నేను అడిగాను.

"తొమ్మిదిన్నరకండీ."

అదీ రాసుకున్నాను. సల్మా ఈసారి నా పుస్తకం వైపు చూసింది. "ఇంకెన్ని పేజీలున్నయ్ మేడమ్?" అంది. మూసేశాను.

బ్యానరు, జాకెట్లు

వారానికల్లా అమీర్‌పేట సెంటరులో బ్యానరు కట్టారు. పడవ మీద ఎవరో అమ్మాయి సర్టిఫికెట్ పట్టుకుని నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: "మా సల్మా, పంజాగుట్టలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్!" ఏడు నెలలు వేలాడింది. సల్మా ముందు బల్ల ఉద్యోగం మానేసింది. షాపుకు నాయనకు అన్నం తీసుకెళ్ళే దారి దాని కిందనుంచే. కొత్త సంవత్సరం వచ్చాక ఆ కంపెనీ వాళ్ళు, ఇంకా చాలామంది, కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశారు. ఆ పిల్ల ఇప్పుడు ఎర్రగడ్డలో పిల్లలకు లెక్కలు చెబుతుంది, బాగా చెబుతుందని విన్నాను. బాగానే ఉంది కదా అని నర్సింగరావు అనేవాడు. బాగా ఉండడం ఆ పిల్ల గొప్పతనం. అందులో మా చెయ్యేమీ లేదు.

డిసెంబరు 18, సోమవారం, ఖాజా భాయ్ మా ఆఫీసుకొచ్చాడు. అద్దాల తలుపు అవతల సంచి పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని సైగ చేశాను. రాలేదు. గోడ గడియారం వైపు చూస్తున్నాడు. తొమ్మిది కావడానికి రెండు నిమిషాలుంది. తొమ్మిదయ్యాక లోపలికొచ్చి సంచి నా బల్ల మీద పెట్టాడు.

"మీ జాకెట్లు మేడమ్. నాలుగు. తొమ్మిదింటికిస్త అన్న. తొమ్మిదింటికి తెచ్చిన."

"భాయ్, నేను..."

"చూసుకోన్రి మేడమ్. కొలతల తేడా ఉంటే చెప్పున్రి."

తేడా ఏమీ లేదు. ఆ తర్వాత ఎప్పుడు బట్ట తీసుకెళ్ళినా, "షాపుల మస్తు పనుంది మేడమ్, వేరే కాడ ఇయ్యున్రి," అనేవాడు. నెమలికంఠం రంగు సూట్ చాలాకాలం ఆ షాపు గోడకు, హాంగరు మీద, కవరు తియ్యకుండా వేలాడింది.

పోయినవి

మొదటి లాకు దగ్గర 68 నిమిషాలు. రెండవ లాకు దగ్గర 55. మూడవ లాకు దగ్గర 93. నాలుగవ లాకు దగ్గర 40. మొత్తం 256.

భోజనం పొట్లాలు, 31.

బండి, ఒకటి. బస్సు, ఒకటి. ఆ బస్సు 2.15ది. అది తప్పిపోలేదు, నేను ఎక్కనివ్వలేదు.

పద్నాలుగేళ్ళుగా కుట్టిన టైలరు, ఒకరు.

నేనిచ్చిన మాట, ఒకటి.

సల్మా ఉద్యోగం, ఒకటి.

తలల లెక్కలో తేడా: లేదు. ముప్పై ఒక్క మంది ఎక్కారు, ముప్పై ఒక్క మంది దిగారు.